రెజిన్ బొమ్మల్లో బుడగలు: కూలి కోసేముందు చూడాల్సినవి
(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగం)



మా సంఘంలో పాలీయురెథేన్ రెజిన్‌తో దేవుడి బొమ్మలు, ఫ్రిజ్‌కి అంటించే బొమ్మలు పోస్తున్నాం. ఎండాకాలం నున్నగా వచ్చిన బొమ్మే వానాకాలం నురుగు పట్టి పొంగుతుంది. అప్పుడు అందరి చూపూ కలిపిన మనిషి మీదే. "ఆవిడ చెయ్యి మంచిది కాదు, పాడైన ముక్కలకి కూలి కోసెయ్యండి" అంటారు. ఆ మాట గురించే మాట్లాడదామని వచ్చాం.

పాడైన బొమ్మని పారెయ్యకుండా రంపంతో కోసి చూడండి. ముక్కు కింద, వేళ్ల చివర, కిరీటం అంచున మాత్రమే గుండ్రటి సొట్టలుంటే అది అచ్చులో ఇరుక్కున్న గాలి. అచ్చులో కాస్త టాల్కం పౌడర్ చల్లి దులిపి, రెజిన్‌ని సన్నటి ధారగా ఒకే చోట పోసి, అచ్చుని వంచి తడితే చాలావరకు పోతుంది. మజ్జిగ చిలికినట్టు కలపకూడదు. ఇది చేతి పనే, నేర్పితే వస్తుంది.

లోపలంతా స్పాంజిలా సన్న బుడగలుండి, అచ్చులోంచి పైకి పొంగిందా, అది తేమ. రెండు డబ్బాల్లో ఒకదాంట్లో ఐసోసైనేట్ ఉంటుంది. దానికి నీటి తడి తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, సోడాలో ఉండే గ్యాసే. మేమెవరం నీళ్లు పొయ్యలేదే అంటారు. పొయ్యక్కర్లేదమ్మా! మూత తీసి ఉంచిన డబ్బా, కడిగాక పూర్తిగా ఆరని అచ్చు, కలపడానికి వాడే ఐస్‌క్రీం పుల్ల, కాగితం గ్లాసు, నీళ్ల రంగు, చెమ్మ పట్టిన రాతిపొడి, వీటిల్లో ఏదైనా చాలు. ప్లాస్టిక్ గ్లాసు, స్టీలు గరిటె వాడాలి. రాతిపొడి బాగా ఎండబెట్టాలి. పెద్ద డబ్బా కిలో లెక్కన చవకే గానీ, నెలల తరబడి మూత తీసి పెట్టేచోట చిన్న డబ్బాలే లాభం అని మా అభిప్రాయం.

ఇక బొమ్మ మర్నాటికీ జిగటగా ఉంటే, కొలత తప్పిందన్నా అయ్యుండాలి, గ్లాసు అడుగున, అంచున ఉన్నది కలవకపోయన్నా ఉండాలి. డబ్బా మీద బరువు లెక్క ఉంటే చిన్న డిజిటల్ తూకం మీదే తూచాలి. ఫైబర్ పనిలో హార్డెనర్ కాస్త ఎక్కువ వేస్తే తొందరగా బిగుస్తుంది. ఇక్కడ అట్లా కాదు, ఏ భాగం ఎక్కువైనా బొమ్మ చెడుతుంది. చలికి ఆలస్యమైనది వెచ్చగా పెడితే గట్టిపడుతుంది గానీ, కొలత తప్పినది ఎన్నాళ్లు ఎండబెట్టినా అంతే.

ఒంటి మాట కూడా చెప్పాలి. చేతులకి గ్లౌజులు, గాలి బాగా ఆడే చోటు తప్పనిసరి. వంటింట్లో వద్దు. ఉబ్బసం ఉన్నవాళ్లని ఈ పనికి పెట్టొద్దు.

పాలకవర్గానికి మా విన్నపం ఒక్కటే. పాడైన ముక్కల పుస్తకంలో "గాలి, తేమ, కొలత" అని మూడు గడులు గీయించండి. ముక్క కోసి చూసి, కలిపిన మనిషి ఎదుటే రాయండి. తేమ గడిలో పడిన ముక్కలకి ఎవరి కూలీ కోయకుండా ఈ సభలోనే తీర్మానం రాయాలని కోరుతున్నాం.