వీపు మీద బొమ్మ ఎవరిది?

(అనకాపల్లిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ తోలుకోటు గురించి మాట్లాడతానంటే నిర్వాహకులే నవ్వారు. కూలి రేట్ల గురించో, గృహహింస చట్టం గురించో చెప్తానని మీరంతా అనుకుని ఉంటారు. కాసేపు ఓపిక పట్టండి, అక్కడికే వస్తాను.

పోయిన నూకాలమ్మ జాతరకి మా అన్నయ్య కొడుకు హైదరాబాదు నుంచి తోలుకోటు వేసుకొచ్చాడు. కొత్త అమావాస్య ఎండల్లో ఇదేం వేషంరా అంటే, "అత్తా, ఇది రెండో ప్రపంచయుద్ధం నాటి పైలట్ల కోటుకి నకలు. వెనక బొమ్మ చేత్తో వేసింది" అని వీపు తిప్పి చూపించాడు. అరకొర బట్టల్లో ఒక అమ్మాయి బాంబు మీద కూర్చుని నవ్వుతోంది. కింద వరసగా చిన్న చిన్న బాంబులు. మా అమ్మ కళ్లజోడు సర్దుకుని, "ఎవర్రా ఆ పిల్ల?" అంది. వాడికి జవాబు తెలియదు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఆ కోటు పేరు ఎ-2. అమెరికా సైన్యపు వైమానిక విభాగం 1931లో దాన్ని తన పైలట్ల దుస్తుగా తీసుకుంది. ఎక్కువగా గుర్రపు తోలుతో కుట్టేవారు. యుద్ధం వచ్చాక కుర్రాళ్లు వాటి వెనక తమ విమానం పేరు, బొమ్మ వేయించుకున్నారు. వేసేది సాధారణంగా తోటి సైనికుల్లోనే బొమ్మలొచ్చినవాడు. ఒక్కో చిన్న బాంబు ఒక్కో దాడికి గుర్తు. ఇంగ్లండు నుంచి జర్మనీ మీదికి ఎగిరే అమెరికన్ సిబ్బందికి మొదట్లో ఇరవై అయిదు దాడులు పూర్తయితే ఇంటికి పంపేవారు. అందుకే ఆ బాంబుల వరస ఒకరకంగా బతికి తిరిగొచ్చిన రోజుల లెక్క కూడా. అక్కడ ఎనిమిదో వైమానిక దళం ఒక్కదానిలోనే 26 వేల మందికి పైగా చనిపోయారు. ఇరవై ఏళ్ల పిల్లల చావుభయాన్ని నేను వెక్కిరించను.

కానీ ఆ లెక్కకి రెండో వైపు కూడా ఉంది. అది మన ప్రాంతానికి తెలుసు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. పట్నం ఖాళీ అయి జనం లోపలి ఊళ్లకి పరుగెత్తారు. మా నానమ్మకి అప్పుడు పన్నెండేళ్లు. ఇంటికి బంధువులు బళ్ల మీద వచ్చి పడ్డారనీ, వాళ్లమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేవలేదనీ చెప్పేది. వేసినవాడు తన బాంబుల్ని లెక్కపెట్టుకోవచ్చు. ఆ పొయ్యి దగ్గరి చాకిరీని ఎవరూ లెక్కపెట్టలేదు, ఏ కోటు మీదా బొమ్మ గీయలేదు.

ఇంతకీ ఎవరా పిల్ల? ఆ కాలపు విమానాల్లో అందరికీ తెలిసినది 'మెంఫిస్ బెల్'. దాని పైలట్ రాబర్ట్ మోర్గాన్ తన ప్రియురాలు మార్గరెట్ పోక్‌ని తలుచుకుని ఆ పేరు పెట్టాడు. 1943 మేలో ఇరవై అయిదు దాడులూ పూర్తిచేసి సిబ్బంది దేశమంతా తిరిగారు. వాళ్ల కోట్ల మీదా అదే బొమ్మ. అయితే ఆ బొమ్మ మార్గరెట్‌ది కాదు. ఎస్క్వయర్ అనే మగవాళ్ల పత్రికలో జార్జ్ పెటీ గీసిన అమ్మాయిని చూసి, టోనీ స్టార్సర్ అనే సైనికుడు విమానం మీద వేశాడు. పేరు ఒకామెది, ఒళ్లు ఇంకో కల్పిత స్త్రీది. మార్గరెట్, మోర్గాన్ పెళ్లి కూడా జరగలేదు. గీసినవాడి పేరు, నడిపినవాడి పేరు చరిత్రలో ఉన్నాయి. మా అమ్మ ప్రశ్నకి మాత్రం సూటి జవాబు లేదు.

సరిగ్గా ఆ ఏళ్లలోనే నిజమైన ఆడవాళ్లు నిజమైన విమానాలు నడిపారు. అమెరికాలో వాస్ప్ అనే మహిళా పైలట్ల దళానికి పాతిక వేలమందికి పైగా దరఖాస్తు పెట్టుకుంటే, శిక్షణ పూర్తిచేసినవాళ్లు 1,074 మంది. ఫ్యాక్టరీల నుంచి విమానాలు తోలుకెళ్లడం, మగ సైనికులు గురి నేర్చుకోడానికి వెనక గుడ్డ లక్ష్యాన్ని కట్టుకుని ఎగరడం వాళ్ల పనులు. వాళ్లలో 38 మంది చనిపోయారు. వాళ్లని సైనికులుగా గుర్తించలేదు కనక శవాన్ని ఇంటికి పంపడానికి తోటి అమ్మాయిలు చందాలు వేసుకున్న సందర్భాలున్నాయి. 1944 డిసెంబరులో దళాన్నే రద్దు చేశారు. మాజీ సైనికుల హోదా 1977లో గానీ రాలేదు, ముప్ఫై మూడేళ్ల తర్వాత! వాళ్ల తోలుకోట్ల మీదా ఒక ఆడబొమ్మ ఉండేది. ఫిఫినెల్లా అని, డిస్నీ కంపెనీ గీసిన రెక్కల పిల్ల. కళ్లద్దాలు పెట్టుకుని, బూట్లు వేసుకుని, తనే ఎగురుతూ ఉంటుంది. నాకా బొమ్మంటే ఇష్టం. బొమ్మలో ఆడది ఉండటం మీద నాకు పేచీ లేదు, ఆమెచేత అక్కడ ఏం చేయిస్తున్నారన్న దాని మీదే నా పేచీ.

ఇదంతా తెల్లవాళ్ల గొడవ అనుకోకండి. తోలు మీద ఆడబొమ్మ మనకీ పాతదే. కాకినాడ దగ్గర మాధవపట్నంలో, ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కుటుంబాలున్నాయి. మేకతోలుని నానబెట్టి, వెంట్రుకలు గీకి, వెలుగు పారేంత పలచన చేసి రెండువైపులా రంగులేస్తారు. అక్కడ సీత ఉంది. ఆమెతోపాటు జనాన్ని నవ్వించడానికి బంగారక్క కూడా ఉంది. కేతిగాడితో ఆమె బూతు సరసాలకి తెల్లవార్లూ నవ్వుతారు. తెర వెనక ఆ గొంతు పలికేది చాలాసార్లు ఆ ఇంటి ఆడమనిషే. తన మీద నవ్వే నవ్వుని తనే పలికించాలి. అదే తన కూలి కూడా. బంగారక్క నోటి దురుసులో కొంత ఎదురుతిరగడం ఉందని వాదించేవాళ్లున్నారు. ఉందనే నేనూ అనుకుంటాను, కాని ఆ ముక్క రాసింది ఎవరో కూడా అడగాలి.

ఇక అసలు సంగతి. మనకి జాకెట్టు అంటే పైలట్ కోటు కాదు, రవిక. ఇప్పుడు రవిక వీపుకి కూడా బొమ్మ కావాలి: నెమలి, ఏనుగు, పెళ్లికూతురి పల్లకీ. మీలో ఎంతమంది మగ్గం పని, పెయింటింగు పని ఇంటికి తెచ్చుకుని చేస్తున్నారు? చేతులు చాలానే లేచాయి. షాపులో ఆ జాకెట్టుకి ఎంత తీసుకుంటున్నారో తెలిసినవాళ్లు చేతులు దించకండి. చూశారా, ఎన్ని మిగిలాయో.

మా మేనల్లుణ్ణి అడిగాను, ఆ బొమ్మ వేసింది ఎవరని. కోటు కాలరు లోపల చూశాడు. కుట్టిన కంపెనీ పేరుంది, సైజుంది, ఎలా ఉతకాలో ఉంది. వేసినవాళ్ల పేరు లేదు. ఆడో మగో, ఏ ఊరో, ఎంతిచ్చారో తెలియదు. చేత్తో వేసిందని మాత్రం గొప్పగా రాశారు, ఎవరి చెయ్యో రాయలేదు.

భోజనాల తర్వాత కుడివైపు గదిలో కూర్చుందాం. పని ఇచ్చే మేస్త్రి పుస్తకంలో మీ పేరుతో ఏం రాస్తున్నాడో, ముక్కకి ఎంతో, దారం, రంగు ఖర్చు ఎవరిదో, ఒక్కొక్కరూ చెప్తే నేను రాసుకుంటాను. చీటీలున్నవాళ్లు పట్టుకురండి. లేనివాళ్లు లేవనే చెప్పండి, అదీ రాస్తాను.