దొడ్డికి తొలియేడు
(బోగోలు పఠనమందిరమున గావించిన ప్రసంగము)



ఈ సభయందు రెండు సెంట్లో, అయిదు సెంట్లో నేల కొత్తగా చేతికి వచ్చినవారు పలువురు కలరు. అందు కూరగాయలు పండింపవలయునని వారి కోరిక. కోరిక మంచిదే. కాని పట్టా అందినంతనే నేల మనదగునా? మన తీరపు నేల అంత సులభముగా లొంగునది కాదు. తూర్పున సముద్రము, కాలిక్రింద ఇసుక, పలుచోట్ల బావిలో ఉప్పునీరు.

మా మాటయే చెప్పుదుము. నేల వచ్చిన నెలలోనే, నడివేసవిని, చిక్కుడు, బెండ, ఉల్లి అన్నియు ఒక్కమారుగా పెట్టితిమి. పూటపూటకు చెంబెడు నీరు చల్లితిమి. నీరు ఆవిరియయ్యెను, ఉప్పు మిగిలెను. పాదుల అంచున తెల్లని పొర కట్టెను. చిక్కుడాకులు అంచులు మాడి రాలెను. "ఇది పండని నేల" యని ఇరుగుపొరుగువారనిరి. మేమును నమ్మి అమ్మకమునకు బేరమాడితిమి. దోషము నేలది కాదు, మా తొందరది.

కావున తొలియేడు పంటకొరకు కాక నేలకొరకు పాటుపడవలయును. ముందుగా మట్టిని, బావినీటిని పరీక్షకు పంపుడు. శ్రావణ భాద్రపదముల జల్లులకు జీలుగ చల్లుడు. అది ఉప్పునకు ఓర్చును. సుమారు 45 దినములకు, పూతపట్టు వేళ, కోసి మట్టిలో కలియ త్రవ్వుడు. మన నెల్లూరు జిల్లాకు అధిక వర్షము ఈశాన్య ఋతుపవనము వలననే. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియు ఆ వానను గట్లు వేసి మడిలో నిలిపినచో, ఉప్పును అదియే క్రిందికి దింపును.

ఆ మాసములే తుపానుల మాసములు. 1989 నవంబరులో కావలి చెంత తీరము దాటిన పెనుతుపానును పెద్దలు మరువలేదు. కావున పందిళ్లు ఆ గండము గడచిన పిదపనే వేయుడు. పుష్యమున మొదట ఒక్క సెంటులో తోటకూర, గోంగూర, వంగ పెట్టి చూడుడు. నీరు చిలుకరింపక, వేరు దాటి దిగునట్లు తడుపుడు.

ఇంత చిన్న నేలతో ఏమగునని కొందరందురు. కోరినవారికి తోటమడులను చూపు బాధ్యతను 1908 నాటి చట్టము ఇంగ్లండులోని స్థానిక సంఘములపై నుంచెను. అచటి పూర్తి మడి మన లెక్కకు ఆరుంబావు సెంట్లు మాత్రమే. రెండవ ప్రపంచయుద్ధకాలమున తిండి కరవైనవేళ అట్టి మడులే ఎన్నియో ఇండ్లకు కూర నిచ్చెను.

బీడుపడిన సెంటు నేడో రేపో అంగడికెక్కును. బిడ్డల కంచములో ఆకుకూర వడ్డించు సెంటును అమ్ముటకు చేయి రాదు. సెంటుకు పావుకిలో జీలుగ విత్తనము చాలును. నలుగురు కలిసి ఒక కిలో కొని, రానున్న శ్రావణమునకే ఈ పని మొదలిడుదము.