మన ముంగిట ముసలి చెట్లు
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో మమ్మల్ని పిల్లల చదువు గురించి మాట్లాడమంటారు. ఈసారి చెట్ల గురించి మాట్లాడతామని మేమే అడిగి తీసుకున్నాం. కారణం మీకు తెలుసు. మన ట్యూషన్ కేంద్రం ఆవరణలోని రెండు వేపచెట్లనూ చింతచెట్టునూ కొట్టించి, నేలంతా సిమెంటు చేయిద్దామని కమిటీ ముందు ఒక ప్రతిపాదన ఉంది. పెట్టినవారి భయం న్యాయమైనదే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన మొహల్లాలో కొమ్మలు విరిగి రేకుల మీద పడ్డాయి. ఆ చెట్ల కిందే మన పిల్లలు కూర్చుంటారు. అయితే మే నెలలో కరెంటు పోతే రేకుల గదిలో ఎవరూ కూర్చోలేరు కాబట్టి, వాళ్లు కూర్చునేదీ ఆ చెట్ల కిందే. కుట్టు మిషన్లు నేర్చుకునే ఆడపిల్లలు కూడా మధ్యాహ్నం మిషన్లను అక్కడికే జరుపుకుంటారు. అందుకని ఈ విషయం తొందరపడి తేల్చేది కాదని మా అభిప్రాయం.

ముందు మన ఊళ్ల తీరు చూడాలి. నెల్లూరు, ఒంగోలు వైపు మనం సముద్రం పక్కన ఉన్నామన్న మాటే గానీ, ఉండేది ఎండు నేల మీద. నైరుతి వానలు మనల్ని అరకొరగా తడిపి పోతాయి. నెల్లూరు వైపు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యే కురుస్తుంది. సంక్రాంతి దాటాక నేల ఎండడం మొదలవుతుంది. మే, జూన్ నెలల్లో పడమటి గాలి ఆకుల్లోని తడి కూడా లాగేస్తుంది. ఇలా నెలల తరబడి దాహంతో ఉన్న చెట్టు మీదికి వానా, తుపాను గాలీ ఒక్క వారంలోనే వచ్చిపడతాయి. వేసవిలో సన్నవేళ్లు ఎండిపోయి, అంతకు ముందే కాలవ కోసమో సెప్టిక్ ట్యాంకు కోసమో ఒకవైపు పెద్దవేళ్లు నరికించుకున్న చెట్టు, నానిన ఇసుక నేలలో పట్టు దొరక్క ఒరిగిపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖలో వీధుల నిండా చెట్లను పడగొట్టింది. అలాంటప్పుడు మనం గాలిని తిట్టుకుంటాం. చెట్టు పడడానికి కారణం చాలాసార్లు ఆరు నెలల ముందో, ఆరేళ్ల ముందో నేలలో జరిగి ఉంటుంది.

మనలో చాలామంది నీళ్లు పోసేది మొదట్లో. పెద్ద చెట్టుకు నీళ్లు తాగే సన్నవేళ్లు ఎక్కువగా ఉండేది మాను దగ్గర కాదు, మధ్యాహ్నం నీడ పడేంత మేరా, దానికి అవతల కూడా. అవి చాలావరకు పై రెండు అడుగుల మట్టిలోనే ఉంటాయి. కాబట్టి నీడ అంచు వెంట లోతు తక్కువ పాదు తీసి, నెమ్మదిగా నేల నానేటట్టు పెట్టాలి. రోజూ ఒక బిందె పోసే కంటే వేసవిలో పదిహేను ఇరవై రోజులకు ఒకసారి బాగా నానబెట్టడం వేపకూ చింతకూ మేలు. కొబ్బరికి ఇది చాలదు. దానికి చుట్టూ ఆరడుగుల పాదు చేసి, వేసవిలో నాలుగు రోజులకు ఒకసారి రెండు వందల లీటర్లయినా కావాలి.

పాదులో ఎండుటాకులు నాలుగు అంగుళాల మందాన పరిచి, మానుకు మాత్రం జానెడు దూరం వదలాలి. మనం ఏం చేస్తాం? పొద్దున్నే ఆకులన్నీ ఊడ్చి ఒక మూల తగలబెడతాం. ఆ పొగ చెట్టుకూ మంచిది కాదు, ఉబ్బసం ఉన్న మన ముసలివాళ్లకు అసలే మంచిది కాదు.

ఉప్పు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మన బోర్లలో చాలా వాటిలో నీళ్లు ఉప్పగానే ఉంటాయి. ఆకుల అంచులు కాలినట్టు గోధుమరంగుకు మారితే తెగులని మందు కొట్టేవాళ్లను చూశాం. చాలాసార్లు అది ఉప్పు. కొంచెం కొంచెంగా పోసిన బోరు నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు పై మట్టిలో మిగిలిపోతుంది. ఒకేసారి ఎక్కువ నీళ్లు పెడితే అది వేళ్ల కిందికి కొట్టుకుపోతుంది. ఇళ్లలో ఆర్.ఓ. మిషన్లు వచ్చాక వృథా నీటిని చెట్టుకు పెట్టడం పొదుపు అనుకుంటున్నారు. ఆ నీళ్లలో ఉప్పు అసలు నీళ్లలో కంటే ఎక్కువ. వాటిని నేల తుడవడానికి వాడుకోండి, చెట్టుకు వద్దు. వానాకాలంలో మిద్దె మీద పడే నీళ్లను గొట్టంతో పాదులోకి దించితే ఏడాది ఉప్పును అవే కడుగుతాయి.

మనకు ఇంకో వనరు ఉంది. రోజుకు ఐదు పూటలు వజూ నీళ్లు వజూఖానా నుంచి నేరుగా మురుగు కాలవలోకి పోతున్నాయి. వాటిలో సబ్బు లేదు, నూనె లేదు. బోరు నీళ్లు మరీ ఉప్పగా లేని మసీదుల్లో ఆ గొట్టాన్ని కాస్త మళ్లిస్తే ఆవరణలోని చెట్లకు వేసవి గడిచిపోతుంది. ముతవల్లీలు, ఇమామ్ సాబ్‌లు ఈ సభలో ఉన్నారు కాబట్టి అడుగుతున్నాం. ఖబరస్తాన్‌లోని పాత చింతల గురించి కూడా ఒకసారి ఆలోచించండి.

ఇక కొమ్మలు కొట్టడం. తీగలకు అడ్డమని ఒకవైపే నరికితే చెట్టు బరువు రెండోవైపుకు పోతుంది. తల నరికితే చూడడానికి ప్రమాదం తగ్గినట్టుంటుంది గానీ, ఆ మోడు మీంచి గుబురుగా వచ్చే కొత్త కొమ్మలకు పట్టు తక్కువ, రేపటి గాలికి ముందు విరిగేవి అవే. చేయాల్సింది ఎండిన, రాసుకుంటున్న కొమ్మలను తీసి గాలికి దారివ్వడం. ముసలి చెట్టుకు ఒక ఏడాదిలో పావు వంతుకు మించి తీయకూడదు. జులై, ఆగస్టుల్లో పొడి రోజు చూసుకుని చేయాలి, తుపాను హెచ్చరిక వచ్చాక కాదు. పెద్ద కొమ్మను పైనుంచి ఒకేసారి కోస్తే బరువుకు జారుతూ మాను బెరడును చీల్చుకుపోతుంది. ముందు కింది నుంచి కొంత కోసి, కాస్త అవతలగా పైనుంచి కోసి దించి, ఆఖరున మొదట్లోని ఉబ్బును వదిలి మిగతా మోడు తీయాలి. ఆ ఉబ్బే గాయాన్ని మూసేది.

తొర్రలో సిమెంటు నింపడం మన మేస్త్రీలకు ఇష్టమైన పని. లోపల నీరు నిలిచి కుళ్లు పెరగడం తప్ప దానివల్ల ఒరిగేది లేదు. ఎన్నికలప్పుడు మేకులు కొట్టి ఫ్లెక్సీలు కట్టేవాళ్లను ఏమనాలో మాకు తెలియడం లేదు. వాళ్లు పోయినా ఇనుప తీగ మాత్రం మానులోకి దిగబడిపోతుంది.

వేపల గురించి ఇంకో మాట. 2021లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేపచెట్లు చివర్ల నుంచి మాడిపోవడం అందరం చూశాం. అది ఒక శిలీంధ్రం తెచ్చే తెగులు, రసం పీల్చే దోమ దానికి తోడవుతుంది. చచ్చిపోయిందని కొట్టించిన చెట్లు ఎన్నో ఉన్నాయి. ఆగి చూసిన చోట చాలా చెట్లు మళ్లీ చిగిర్చాయి. గోటితో బెరడు గీకితే కింద పచ్చగా ఉందంటే చెట్టు బతికే ఉంది.

అన్ని చెట్లనూ ఉంచాల్సిందే అని మేము అనడం లేదు. మొదట్లో పుట్టగొడుగులు గట్టిగా బల్లలా పెరిగితే, చెట్టు కొత్తగా ఒరిగి రెండోవైపు మట్టి లేస్తే, మానులో చీలిక రోజురోజుకూ వెడల్పవుతుంటే, దాని కింద పిల్లల్ని కూర్చోబెట్టకూడదు. మన ఆవరణలో గోడ పక్క వేపకు మొదట్లో అలాంటి పుట్టగొడుగు ఉంది. నాలుగేళ్ల క్రితం గోడ పునాదికి దాని వేళ్లు నరికారు. దాన్ని తీయించడానికి మేము ఒప్పుకుంటాం. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి అడిగి తీయించాలి. మధ్య వేపకూ చింతకూ ఆ లక్షణాలేవీ లేవు. చింత నూరేళ్లు దాటి బతికే చెట్టు, గాలికి నిలిచే చెట్టు.

కమిటీకి మా విన్నపం ఇది. నేలంతా సిమెంటు వేయకుండా గది ముందు నడవ వరకే వేయండి, చెట్ల కింద ఇసుక పరిచి ఇటుకలు పేర్చుదాం. వాన నీళ్లు దిగుతాయి, పిల్లల కాళ్లకు బురదా అంటదు. మిగిలిన డబ్బు చెట్టెక్కడం తెలిసిన మేస్త్రికి కూలి ఇద్దాం. గోడ పక్క వేప స్థానంలో, గోడకు దూరంగా ఉప్పు గాలికి ఓర్చే గంగరావి మొక్కను మా తొమ్మిదో తరగతి పిల్లలు పెంచుతామన్నారు. వచ్చే జుమా తర్వాత పాదులు తీయడం మొదలుపెడతాం. మా దగ్గర రెండు పారలే ఉన్నాయి, గడ్డపార ఉన్నవాళ్లు తీసుకురండి.