చెప్పించుకునే గుణం

(స్వర్ణోత్సవ సభలో 1988 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



మన బాస్కెట్‌బాల్ జట్టు గురించి మాట్లాడమన్నారు. గెలిచిన కప్పుల సంగతి నాకంటే ముందు మాట్లాడినవారు చెప్పేశారు. నేను ఓడిపోయిన ఒక ఆట గురించి చెబుతాను.

అది గ్రిగ్స్ పోటీల ఫైనల్. నేను పదో తరగతి. జట్టులో అందరికంటే ఎక్కువ బాస్కెట్లు వేసేవాణ్ణి. ఆ సంగతి నాకు కాస్త ఎక్కువగానే తెలుసు. రెండో సగంలో తొమ్మిదో తరగతి కుర్రాడొకడు రింగు కింద ఖాళీగా నిలబడి చేతులు చాపాడు. వాడికి ఇవ్వలేదు. నేనే వేశాను, పడలేదు. కాసేపటికి మళ్ళీ అదే జరిగింది. డ్రిల్లు మాస్టారు టైమ్‌అవుట్ అడిగి, "వాడికి పాస్ ఇవ్వరా" అన్నారు. "వాడు పట్టుకోలేడు సార్" అన్నాను. ఆ మాట వాడి చెవిన పడింది. మాస్టారు ఇంకేమీ అనలేదు. నన్ను కూర్చోబెట్టి, ఏడాదంతా మాకు మంచినీళ్ల బిందె మోసిన సబ్‌స్టిట్యూట్‌ను దింపారు.

నేను జట్టుతో కూర్చోలేదు. వెనకున్న వేపచెట్టు కిందికి వెళ్లి, ఆటవైపు వీపు తిప్పి కూర్చున్నాను. మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పని మాట ఒకటి చెబుతున్నాను. చివరి విజిల్ వినగానే నాకు లోలోపల సంతోషం వేసింది. నేను లేకపోతే ఏమవుతుందో తెలిసొచ్చిందిలే అనుకున్నాను.

తిరుగు బస్సులో నా బదులు ఆడిన కుర్రాడు పక్కన కూర్చుని, తన ఇడ్లీ పొట్లం విప్పి నా ముందు పెట్టాడు. "అన్నా, నువ్వుంటే గెలిచేవాళ్లం" అన్నాడు. వాడి మాటలో ఎత్తిపొడుపు లేదు. ఆ ఇడ్లీ నాకు గొంతు దిగలేదు.

మూడు రోజులు ప్రాక్టీసుకు పోలేదు. నాలుగో రోజు వెళ్తే మాస్టారు కారణం అడగలేదు. సున్నం డబ్బా చేతికిచ్చి కోర్టు గీతలు గీయమన్నారు. వారం రోజులు గీతలు గీస్తూ బయటి నుంచి ఆట చూశాను. ఎవరు ఎవరిని పేరు పెట్టి పిలుస్తున్నారు, కిందపడ్డవాడికి ఎవరు చెయ్యి అందిస్తున్నారు, బంతి పోగానే ఎవరు వెనక్కి పరిగెడుతున్నారు, అన్నీ కనిపించాయి. లోపల ఆడుతున్నప్పుడు నాకు రింగు ఒక్కటే కనిపించేది.

అమెరికాలో జాన్ వుడెన్ అనే కోచ్ ఉండేవారు. మొదట్లో హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతూ బాస్కెట్‌బాల్ నేర్పారు. తర్వాత యూసీఎల్‌ఏ జట్టును 12 ఏళ్లలో 10 సార్లు జాతీయ విజేతగా నిలిపారు. సీజన్ మొదట్లో ఆయన చెప్పే పాఠం ఏమిటో తెలుసా? మేజోళ్లు ముడతలు లేకుండా తొడుక్కోవడం. ముడత ఉంటే కాలు బొబ్బలెక్కుతుంది, బొబ్బలెక్కితే ఆట సాగదు. పేరుమోసిన ఆటగాళ్లు కూడా కూర్చుని ఆ పాఠం విన్నారు.

మైకేల్ జోర్డాన్‌ను స్కూలు జట్టులోంచి తీసేశారని మనం కథగా చెప్పుకుంటాం. నిజానికి 1978లో ఆయన్ని సీనియర్ జట్టులోకి తీసుకోకుండా జూనియర్ జట్టులో వేశారు. ఇంటికెళ్లి ఏడ్చానని ఆయనే చెప్పుకున్నారు. ఏడ్చినా, వెళ్లి జూనియర్ జట్టులోనే ఆడారు. నేను వేపచెట్టు కిందికి వెళ్లాను.

చెప్పేవాళ్లు ఎంతమందైనా ఉంటారు. మనలో చెప్పించుకునే గుణం ఉండాలి. తప్పు చూపించినప్పుడు కారణాలు వెతక్కుండా వినడం, మరుసటిసారి అలా చేసి చూపడం, అంతే. ఉద్యోగంలో నా కింద పదిమంది పనిచేసే రోజు వచ్చాక ఇది బాగా అర్థమైంది. అందరికంటే తెలివైనవాడితోనే నాకు తిప్పలు. ఏ తప్పు చూపినా పక్కవాడి మీదికి నెట్టేవాడు. అతన్ని చూస్తే నన్ను నేను చూసుకున్నట్టుండేది.

అయితే చెప్పేవాళ్లకూ ఒక పద్ధతి ఉండాలి. మాస్టారు నా ఆటను తప్పుపట్టారు గాని, నన్ను ఏనాడూ చులకన చేయలేదు. అందుకే నాలుగో రోజు తిరిగి వెళ్లగలిగాను. గీత బయట నిలబడి "నువ్వే కొట్టరా" అని అరిచే తల్లిదండ్రులు కూడా ఇది ఆలోచించాలి.

సంఘానికి ఒక విన్నపం. ఏటా ఉత్తమ ఆటగాడికి కప్పు ఇస్తున్నాం. సంతోషమే. ఇంకొకటి కూడా ఇద్దాం. "ఎవరితో కలిసి ఆడటం నీకిష్టం?" అని పిల్లల్నే చీటీ రాయమని, ఎక్కువ చీటీలు వచ్చినవారికి ఇద్దాం. దాని ఖర్చు నాది. మా రోజుల్లో ఆ కప్పు ఉంటే నాకు ఒక్క చీటీ కూడా వచ్చేది కాదు. బిందె మోసినవాడికి అన్నీ వచ్చేవి.

మాస్టారూ, మీరు ముందు వరసలోనే ఉన్నారు. ఆ రోజు నన్ను కూర్చోబెట్టి మంచిపని చేశారు. ఈ మాట చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. మన్నించండి.

సెలవు.