నేరస్థుల రిజిస్టరు నుంచి నామినేషన్ వరకు

2009 ఎన్నికలకు ముందు అల్లూరు పేరుతోనే ఒక శాసనసభ స్థానం ఉండేదనీ, పునర్విభజనలో ఈ మండలం కావలిలో కలిసిందనీ ఈ సభలోని పెద్దలకు తెలిసినదే కనుక, ఓటరు తీర్పుకు ముందే సరిహద్దు గీత ఎంత పని చేస్తుందో వారికి వేరే వివరించనక్కరలేదు. అమెరికాలో తాను గే, అంటే పురుషులనే ప్రేమించే పురుషుడినని దాచకుండా పోటీ చేసిన హార్వే మిల్క్, శాన్‌ఫ్రాన్సిస్కో నగరమంతా ఒకే నియోజకవర్గంగా ఉన్న 1973, 1975 ఎన్నికల్లో ఓడి, నగరాన్ని వార్డులుగా విడదీశాక, తన కెమెరా దుకాణం ఉన్న కాస్ట్రో పేట ప్రాంతం నుంచి 1977లో నగర పాలక మండలికి గెలిచాడు. పదవిలో ఏడాది నిండకముందే, 1978 నవంబరు 27న, మేయరు జార్జ్ మోస్కోనీతో పాటు హత్యకు గురయ్యాడు.

తెలుగునాట ఇటువంటి చరిత్రను ముందుకు నడిపినవారు ట్రాన్స్‌జెండర్ స్త్రీలు, అంటే పుట్టినప్పుడు మగవారిగా నమోదై స్త్రీలుగా జీవించేవారు. వారికి అడ్డుపడ్డది సర్కారు రిజిస్టరు. నిజాం ఏలుబడిలో 1329 ఫసలీలో, అనగా 1919లో వచ్చిన చట్టం హిజ్రాల పేర్లతో ఒక జాబితా పెట్టించింది. పిల్లలను ఎత్తుకుపోతారన్న అనుమానం ఒక్కటి ఉన్నా అందులో పేరెక్కించవచ్చు. పేరెక్కినవారు ఆడవారి బట్టలు, నగలతో వీధిలో కనిపించినా, అక్కడ పాడినా ఆడినా వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, రెండేళ్ల దాకా జైలులో పెట్టవచ్చు. కట్టుకున్న చీరకు శిక్ష వేసిన ఈ శాసనాన్ని పాతకాలపు వింతగా చదివి పక్కన పెట్టడం తగదు. నిజాం పోయి, రాజ్యాంగం వచ్చి, తెలంగాణ ఒకసారి ఆంధ్రతో కలిసి మళ్లీ విడిపోయినా అది పుస్తకంలోంచి తొలగలేదు.

ఎన్నికల బరిలోనూ ఇటువంటి అడ్డంకులు తప్పలేదు. మధ్యప్రదేశ్‌లోని కట్నీకి మేయరుగా గెలిచిన హిజ్రా కమలా జాన్, మహిళలకు కేటాయించిన స్థానానికి చట్టం దృష్టిలో పురుషుడు పోటీ చేశాడన్న కారణంతో కోర్టు తీర్పు వల్ల పదవి పోగొట్టుకోవలసి వచ్చింది. ఓటర్ల జాబితాలో ‘ఇతరులు’ అన్న గడి 2009లో గాని రాలేదు. తమ లింగమేదో తామే చెప్పుకొనే హక్కు ట్రాన్స్‌జెండర్లకు ఉందని నల్సా కేసులో సుప్రీంకోర్టు తేల్చినది 2014 ఏప్రిల్ 15న.

ఈ మార్పుల తరువాత తెలంగాణ హిజ్రా ట్రాన్స్‌జెండర్ సమితి కార్యకర్త చంద్రముఖి మువ్వల 2018లో హైదరాబాదులోని గోషామహల్ నుంచి బహుజన లెఫ్ట్ ఫ్రంట్ అభ్యర్థిగా నిలిచారు. డిసెంబరు 7 పోలింగుకు సుమారు పది రోజుల ముందు ఆమె కనిపించకుండా పోగా, తల్లి హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్, అనగా మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే అర్జీ వేశారు. కోర్టు ఎదుట హాజరైన చంద్రముఖి బరిలోంచి తప్పుకోలేదు. కన్నతల్లి బిడ్డ పక్షాన కోర్టు మెట్లెక్కడం ఈ చరిత్రలో ఓట్ల లెక్కకు తీసిపోని ఘట్టం. తరువాత మరో ట్రాన్స్‌జెండర్ స్త్రీ తమన్నా సింహాద్రి 2019లో మంగళగిరిలోను, 2024లో పిఠాపురంలోను పోటీ చేశారు. గెలుపు ఈ ఇద్దరిలో ఎవరికీ దక్కలేదు.

హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగిలి తదితరులు వేసిన పిటిషన్లపై 1919 నాటి చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో కొట్టివేసింది. ఆ తీర్పు వచ్చేనాటికి చంద్రముఖి గోషామహల్ వీధుల్లో ఓటు అడిగి నాలుగున్నరేళ్లు దాటింది.