పండుగనాటి ఉత్తరం
(కొండపల్లిలో పెన్షనర్ల సంక్రాంతి ఆత్మీయ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఊరి తెల్ల పొణికి బొమ్మలు ఇంటింటా కొలువుదీరే వేళ, పండుగకు రాలేని బిడ్డలను తలచుకోవడం మన ధర్మం. వారిలో సైనికుడు మొదటివాడు.

యుద్ధరంగం నుంచి వచ్చే ఉత్తరంపై ఊరి పేరుండదు, "56 ఏ.పి.ఓ." అని మాత్రమే ఉంటుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సెన్సారు వారు చదివాకే ఇంటికి చేరేది. అందుకే జవాను తన క్షేమం రెండు ముక్కల్లో రాసి, ఇంటి సంగతులే అడుగుతాడు.

హైదరాబాదుకు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య 1999 జూన్ 19న కార్గిల్ నుంచి తండ్రిగారికి ఉత్తరం రాశారు. మరి రెండు రోజుల్లో ఆయన పుట్టినరోజు. తండ్రిగారు వాయుసేనలో పనిచేసి రిటైరైనవారు. దిగులు పడవద్దని, గర్భవతి అయిన తన భార్యకు రోజుకొక భారత కథ చెప్పమని కోరారు. సుభద్ర గర్భంలో అభిమన్యుడు విన్న కథ మనకు తెలిసిందే కదా! జూన్ 28న మేజర్ గారు వీరమరణం పొందారు. మహావీర చక్ర లభించింది. తరువాత పుట్టిన పాపకు అపరాజిత అని పేరు పెట్టారు.

ఆ కొడుకు కోరింది డబ్బు కాదు, తాతగారి నోటి కథ. అది మనమందరం ఇవ్వగలిగిందే.

కనుక నా మనవి ఒక్కటే. మీ ట్రంకు పెట్టెల్లో అలాంటి ఉత్తరాలుంటే కవరుతో సహా దాచండి. తేదీ తపాలా ముద్రలో ఉంటుంది. లామినేషన్ చేయించకండి. జిరాక్సు తీయించి, మనవలకు చదివి వినిపించండి.

సెలవు.