చిరునామా చివర రాయండి
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ-మెయిల్ గురించి నాలుగు ముక్కలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను కంప్యూటరు పండితుణ్ణి కాను. సర్వీసులో తొమ్మిదేళ్ళు డిస్పాచ్ సెక్షన్‌లో పనిచేసినవాణ్ణి. అయినా నేనే ఒక ఉత్తరాన్ని తప్పు చిరునామాకు పంపాను. ఆ సంగతే మనవి చేస్తాను.

క్రిందటి సంవత్సరం మా ఇంటావిడకు గుండె ఆపరేషన్ అవసరమన్నారు. రిపోర్టులు జతచేసి విశాఖపట్నంలో ఉన్న మా తమ్ముడికి మెయిల్ రాశాను. మనసు బాగోక, "పెద్దవాడు పైసా సర్దలేదు, కోడలు ఫోనైనా చేయలేదు" అని కూడా రాశాను. చిరునామా గడిలో తమ్ముడి పేరులో మూడక్షరాలు కొట్టేసరికి మిగతా పేరు దానంతటదే వచ్చింది. సంతోషించి పంపేశాను.

మా తమ్ముడిదీ, మా వియ్యంకుడిదీ ఒకటే పేరు. ఉత్తరం వెళ్ళింది ఆ కోడలి తండ్రికి!

ఇలా ఎందుకు జరిగింది? మనం ఎవరికైనా ఒకసారి మెయిల్ రాస్తే ఆ చిరునామాను ఈ ప్రోగ్రాములు దాచిపెడతాయి. తరువాత రెండు మూడు అక్షరాలు కొట్టగానే, వాటికి సరిపోయే పేర్లను ముందుంచుతాయి. తరచుగా రాసేవారి పేర్లు సాధారణంగా పైకి వస్తాయి. ఆ నెలలో మనవడి అక్షరాభ్యాసం గురించి వియ్యంకుడికి చాలా మెయిల్స్ రాశాను. అందుకని ఆయనే పైన నిలిచారు. మనం ఎవరికి ఎక్కువగా రాస్తామో యంత్రానికి తెలుసు. ఈ ఉత్తరం ఎవరికోసం రాశామో దానికి తెలియదు.

మన డిస్పాచ్‌లో కవరు అంటించే ముందు కాగితం మీది చిరునామా, కవరు మీది చిరునామా కలిపి చూసేవాళ్ళం. కాన్ఫిడెన్షియల్ అయితే రెండు కవర్లు, లక్కముద్ర. అప్పటికీ పొరపాటు జరిగితే, ప్యూను గుమ్మం దాటేలోపు కేకవేసి పిలిచేవాళ్ళం. ఇప్పుడా ప్యూను లేడు.

కనుక నేను పాటిస్తున్న పద్ధతులు చెబుతాను. మొదటిది, కొత్త ఉత్తరమైతే ముందు విషయం రాసి, కాగితాలు జతచేసి, చదువుకుని, చిట్టచివర చిరునామా రాయండి. చిరునామా లేని ఉత్తరం చెయ్యి జారినా ఎక్కడికీ పోదు. రెండవది, పేరు చూసి ఆగకండి. మన బిల్లుల్లో రాసుకున్న "ఎట్ ద రేట్" గుర్తుకు ముందూ వెనకా ఉన్నదంతా చదవండి. మూడవది, కాంటాక్టుల్లో పేరు పక్కన "తమ్ముడు", "వియ్యంకుడు" అని చేర్చండి.

నాలుగవది, జీమెయిల్ వాడేవారు కంప్యూటరులో సెట్టింగ్స్ తెరిచి, "అన్‌డూ సెండ్" గడువును 5 సెకన్ల నుంచి 30 సెకన్లకు పెంచుకోండి. ఇది పోయిన ఉత్తరాన్ని వెనక్కి తెప్పించడం కాదు, అంతసేపు పోకుండా ఆపి ఉంచడమే. చిరునామాలు దానంతటదే దాచుకోకుండా, కాంటాక్టులు నేనే చేర్చుకుంటానని చెప్పే వీలు కూడా ఆ సెట్టింగ్స్‌లోనే ఉంది. కంప్యూటరులో ఔట్‌లుక్ వాడేవారు, అక్కరలేని పేరు కనిపించినప్పుడు దాని పక్కనున్న ఇంటూ గుర్తు నొక్కితే అది జాబితాలోంచి పోతుంది.

ఇక నా ఉత్తరం సంగతి. మర్నాడు ఉదయం వియ్యంకుడి జవాబు వచ్చింది. "బావగారూ, ఇది నాకు రాసింది కాదనుకుంటాను. చెరిపేశాను. చెల్లెమ్మ ఒంట్లో బాగోలేదని మా అమ్మాయికి తెలిసినట్టు లేదు. చెప్పమంటారా?"

నేను సిగ్గుతో తల దించుకున్నాను. నిజమే, పిల్లలు కంగారుపడతారని "కొంచెం నలతగా ఉంది" అని మాత్రమే వాళ్ళతో అన్నాం. ఆపరేషన్ మాట చెప్పనే లేదు. చెప్పని మాటకు వాళ్ళు పలకలేదని నిష్ఠూరమాడాను! ఆ తప్పు యంత్రానిది కాదు, నాది. ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పాను. మూడో రోజుకు కొడుకూ కోడలూ మా గుమ్మంలో ఉన్నారు. మా ఇంటావిడ ఇప్పుడు కులాసా. అదుగో, ముందు వరసలో కూర్చుని నన్ను చూసి నవ్వుతోంది.

అందరికీ అలాంటి వియ్యంకుడు దొరకడు. కనుక పంపే ముందు చిరునామా మరొక్కసారి చదవండి.